సూర్యబింబాన్ని గాజుపలకపై నిలిపిన జూల్స్ జాన్సెన్

లోకబాంధవుడని, కర్మసాక్షి అని అనాదిగా పూజలందుకొంటున్న సూర్యుని కన్నెత్తి చూడగల శక్తి మానవ నేత్రానికి లేదు. లోకమంతటికీ చూపునిచ్చే ఆ వెలుగే తన వంక చూడబోయిన చూపును హరిస్తుంది. నక్షత్రాలను పరిశీలించే శాస్త్రజ్ఞునికి వెలుగు చాలదు. దూరదర్శిని ఎంత పెద్దదైనా ఇంకా కొంత వెలుతురు ఉంటే బాగుండుననే అనిపిస్తుంది. సూర్యుని పరిశీలించేవానికి ఎదురయ్యే కష్టం దీనికి పూర్తిగా విరుద్ధమైనది. వచ్చిన వెలుగులో దాదాపు అంతా వదులుకొంటే తప్ప, మిగిలిన కాస్తలో సూర్యుని నిజరూపం కనిపించదు. ఏ వెలుగును వదులుకోవాలి, ఏ వెలుగును నిలుపుకోవాలి అనే ఒక్క ప్రశ్నకు తన జీవితాన్ని ధారపోసిన మహనీయులు ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పియర్ జూల్స్ సేసార్ జాన్సెన్.

చిన్న దూరదర్శినికి ముందు తగిన ఫిల్టరు బిగించి, ఇంటి మేడ మీద నుంచే సూర్యబింబాన్ని, దాని మీది మచ్చలను ఛాయాచిత్రాలుగా తీసే ఔత్సాహికులు నేడు అన్ని దేశాలలోను ఉన్నారు. ఆ విద్యకు బాట వేసినవారిలో జాన్సెన్ అగ్రగణ్యులు. ఆయన జీవితంలోని ప్రధాన ఘట్టం గుంటూరులో జరిగింది. మరొక ముఖ్య ఘట్టం నీలగిరులలో జరిగింది. కనుక ఆ జీవితకథ తెలుగువారికి, తమిళదేశంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మరింత ఆసక్తికరం.

బాల్యం, విద్య

జాన్సెన్ 1824వ సంవత్సరం ఫిబ్రవరి 22వ తేదీన పారిస్ నగరంలో జన్మించారు. తండ్రి సంగీత విద్వాంసుడు. తల్లి ఒక వాస్తుశిల్పి కుమార్తె. పసితనంలో సాకుతున్న దాది అజాగ్రత్త వల్ల కాలికి దెబ్బ తగిలి, ఆయన జీవితాంతం కుంటుతూనే నడవవలసి వచ్చింది. ఆ కారణంగా తోటి పిల్లలతోపాటు బడికి వెళ్ళే భాగ్యం ఆయనకు కలుగలేదు. చదువంతా ఇంటి వద్దనే సాగింది. కుటుంబ పరిస్థితులు అంతగా అనుకూలించనందున యౌవనంలో కొన్ని సంవత్సరాలు బ్యాంకులో ఉద్యోగం చేశారు.

అంకెల పుస్తకాల మధ్య కూర్చున్నా ఆయన మనస్సు విజ్ఞానశాస్త్రం మీదనే ఉండేది. స్వయంకృషితో చదువు సాగించి 1852లో గణితంలోను, 1855లో భౌతికశాస్త్రంలోను పట్టాలు పొందారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై దాటింది. నడుమ ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులుగా కూడా పనిచేశారు. 1857లో భూమి అయస్కాంత మధ్యరేఖను నిర్ణయించే పని మీద దక్షిణ అమెరికాలోని పెరూ దేశానికి వెళ్ళి, అక్కడ తీవ్రంగా జబ్బుపడి తిరిగివచ్చారు. కాలు సహకరించని మనిషికి, ఆరోగ్యం అంతంతమాత్రమైన మనిషికి దూరప్రయాణాలు తగవని ఎవరైనా అనుకొంటారు. ఆయన మాత్రం అలా అనుకోలేదు. ఆ తరువాత ఐదు దశాబ్దాలపాటు సూర్యుని కోసం భూగోళమంతా తిరిగారు.

కన్నే మొదటి వడపోత

1860లో ఆయన డాక్టరేటు పట్టం కొరకు సమర్పించిన సిద్ధాంత వ్యాసం కంటికి సంబంధించినది. దీపం నుంచి గాని, కొలిమి నుంచి గాని వెలుగుతోపాటు కంటికి కనిపించని ఉష్ణకిరణాలు కూడా వెలువడుతాయి. కంటి లోపలి పారదర్శక భాగాలు ఆ అదృశ్య కిరణాలను చాలావరకు తమలోనే పీల్చుకొని, లోపలి సున్నితమైన నేత్రపటలానికి చేరనీయకుండా అడ్డుకొంటున్నాయని ఆయన ప్రయోగపూర్వకంగా నిరూపించారు. ప్రకృతి కంటిలోనే ఒక వడపోతను అమర్చిందన్నమాట.

అయితే ఆ వడపోత ఇంటి దీపానికి చాలుతుందేగాని సూర్యునికి చాలదు. నేత్రపటలానికి నొప్పి తెలియదు. సూర్యుని తదేకంగా చూచినప్పుడు లోపల గాయమవుతున్నా ఆ సమయంలో బాధ తోచదు. చూపు మసకబారిన తరువాతనే సంగతి తెలుస్తుంది. సూర్యుని పరిశీలించదలచినవారు మొదట నేర్వవలసిన పాఠం ఇదే. సూర్యశాస్త్రంలో తలపండిన మహానుభావుడు తన తొలి పెద్ద పరిశోధనను సూర్యునితో కాక, సూర్యుని చూడలేని కంటితో ప్రారంభించడం విశేషం.

ఏ గీత ఎవరిది?

సూర్యకాంతిని గాజుపట్టకం ద్వారా పంపితే ఏడురంగుల పట్టీగా విడిపోతుంది. ఆ పట్టీలో అక్కడక్కడ సన్నని నల్లని గీతలుంటాయి. ఒక్కొక్క మూలపదార్థానికి ఒక్కొక్క గీతల వరుస గుర్తు అని 1859, 1860 సంవత్సరాల ప్రాంతంలో జర్మనీ శాస్త్రజ్ఞులు కిర్కాఫ్, బున్సెన్ నిరూపించారు. దానితో కోట్ల మైళ్ళ దూరంలోని సూర్యునిలో ఏయే పదార్థాలున్నవో భూమి మీద కూర్చుండి చెప్పడం సాధ్యమయింది.

జాన్సెన్ ఈ కొత్త విద్యను వెంటనే అందుకొన్నారు. సూర్యుడు దిగంతానికి వాలుతున్నకొద్దీ కొన్ని గీతలు నల్లబడటం గమనించి, అవి సూర్యునికి చెందినవి కావనీ, మధ్యనున్న భూవాతావరణం వల్ల ఏర్పడినవనీ భావించారు. భావించి ఊరుకోలేదు. 1864లో ఆల్ప్స్ పర్వతాలలోని ఒక శిఖరం మీదికి వెళ్ళి, పలుచని గాలిలో ఆ గీతలు బలహీనపడుతున్నాయని చూపారు. జెనీవా సరస్సు ఒడ్డున కట్టెల మంట వేయించి, ఇరవై కిలోమీటర్ల ఆవలి నుంచి దాని వెలుగును పరీక్షించారు. 1866లో 37 మీటర్ల పొడవు గల ఇనుప గొట్టాన్ని నీటి ఆవిరితో నింపి, దాని గుండా వెలుగును పంపి, ఆ గీతలలో చాలావాటికి నీటి ఆవిరే కారణమని తేల్చారు. సూర్యుడు రాసినదేదో, మన గాలి రాసినదేదో వేరు చేయడం ఆయన సాధించిన తొలి ఘనవిజయం.

గుంటూరులో పదిహేడు రోజులు

1868వ సంవత్సరం ఆగస్టు 18వ తేదీన సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణం దక్షిణ భారతదేశాన్ని లోకమంతటి దృష్టికి తెచ్చింది. ఆ గ్రహణచ్ఛాయ నేటి కర్ణాటక, మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల మీదుగా సాగి బంగాళాఖాతంలోకి ప్రవేశించింది. బ్రిటిషు ప్రభుత్వం తరఫున మేజర్ టెన్నంట్ బృందం గుంటూరులో విడిసి గ్రహణ ఛాయాచిత్రాలను తీసింది. మద్రాసు నక్షత్రశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలోను, ఆ నక్షత్రశాలలోనే పనిచేస్తున్న చింతామణి రఘునాథాచారి వనపర్తిలోను, లెఫ్టినెంట్ హెర్షెల్ జమఖండిలోను పరిశీలనకు పూనుకొన్నారు. ఫ్రెంచి ప్రభుత్వం పంపగా వచ్చిన జాన్సెన్ కూడా గుంటూరునే ఎన్నుకొని, అక్కడ వ్యాపారం చేస్తున్న ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట తన పరికరాలను నెలకొల్పారు.

సంపూర్ణ గ్రహణ సమయంలో చంద్రబింబం అంచు చుట్టూ ఎర్రని జ్వాలల వంటి శిఖలు కనిపిస్తాయి. అవి సూర్యునికి చెందినవేనని 1860లో స్పెయిన్ దేశంలో తీసిన గ్రహణ ఛాయాచిత్రాల వల్ల తేలింది. కాని అవి దేనితో ఏర్పడినవో ఎవరికీ తెలియదు. గుంటూరు ఆకాశం చీకటిపడిన ఆ ఐదు నిమిషాల పైచిలుకు కాలంలో జాన్సెన్ తన వర్ణపటదర్శినిని ఒక పెద్ద శిఖ వైపు తిప్పారు. ఏడురంగుల పట్టీకి బదులు కొన్ని ఉజ్జ్వలమైన రంగు గీతలు మాత్రమే కనిపించాయి. ఆ శిఖలు మండుతున్న వాయువులని, అందులో ప్రధానమైనది హైడ్రోజన్ అని వెంటనే అర్థమయింది.

అందరికీ ఆ భాగ్యం అంతటితో ముగిసింది. జాన్సెన్‌కు అక్కడే ప్రారంభమయింది. ఆ గీతలు ఎంతో ప్రకాశవంతంగా ఉన్నందున, గ్రహణం లేని రోజున కూడా వాటిని చూడవచ్చునన్న ఆలోచన ఆయనకు ఆ క్షణంలోనే కలిగింది. మరునాడు, ఆగస్టు 19వ తేదీ ఉదయం, సూర్యుడు పూర్ణబింబంతో ఉదయించిన తరువాత, పరికరంలోని సన్నని చీలికను బింబపు అంచు వెలుపల నిలిపారు. ముందురోజు చూచిన ఎర్రని గీత మళ్ళీ ప్రత్యక్షమయింది. చీలికను కొంచెం కొంచెంగా జరుపుతూ, గీత పొడవు ఎక్కడ పెరుగుతున్నదో ఎక్కడ తరుగుతున్నదో గుర్తించి, శిఖ ఆకారాన్నే చిత్రించగలిగారు. సెప్టెంబరు 4వ తేదీ వరకు, పదిహేడు రోజులపాటు, ఆయన గుంటూరులో ఈ పరిశీలన కొనసాగించారు.

ఇందులోని కిటుకు సులభమైనదే. పగటివేళ సూర్యుని చుట్టూ ఆకాశపు తెల్లని కాంతి ఆవరించి శిఖలను కప్పివేస్తుంది. ఆ తెల్లని కాంతిలో అన్ని రంగులూ ఉన్నాయి. కనుక దానిని పట్టకం ద్వారా విస్తరింపజేస్తే పలుచబడి నీరసిస్తుంది. శిఖల కాంతి మాత్రం కొద్ది రంగులకే పరిమితం గనుక ఎంత విస్తరింపజేసినా ఆ గీతల తీవ్రత అంతగా తగ్గదు. కావలసిన ఒక్క రంగును పట్టుకొని తక్కినవాటిని తోసివేస్తే, గ్రహణం కొరకు ఏళ్ళ తరబడి ఎదురుచూడనక్కరలేదు. హైడ్రోజన్ ఎరుపు రంగును మాత్రమే వదిలే నేటి ఫిల్టర్లకు మూలసూత్రం గుంటూరులో ఆ ఉదయం జాన్సెన్ గుర్తించిన ఈ విషయమే.

ఇద్దరికీ ఒకే పతకం

ఈ వార్తను తెలుపుతూ కాకినాడ నుంచి జాన్సెన్ రాసిన లేఖ సముద్రమార్గాన పారిస్ చేరడానికి వారాలు పట్టింది. ఈలోగా ఇంగ్లాండులో నార్మన్ లాకియర్ అనే శాస్త్రజ్ఞుడు, గుంటూరు సంగతి ఏమీ తెలియకుండానే, అక్టోబరు 20వ తేదీన అదే పద్ధతిలో శిఖలను చూచారు. ఇరువురి సమాచారమూ ఒకే రోజున, అక్టోబరు 26వ తేదీన, ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు సమావేశానికి అందింది. ఎవరు ముందన్న తగవుకు ఇంతకంటె అనువైన సందర్భం ఉండబోదు. అయినప్పటికీ తగవు పెరుగలేదు. ఇద్దరి ఘనతను సమానంగా అంగీకరించారు. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలనూ పక్కపక్కన చెక్కిన పతకాన్ని ముద్రించింది. ఆ ఇరువురి మధ్య స్నేహం కడవరకు నిలిచింది.

ఈ సందర్భంలో ఒక విషయాన్ని స్పష్టం చేయడం న్యాయం. హీలియం వాయువును జాన్సెన్ గుంటూరులో కనుగొన్నారని అనేక పుస్తకాలలో కనిపిస్తుంది. ఆనాటి గ్రహణంలో పలువురు పరిశీలకులు ఒక పసుపుపచ్చని గీతను చూచిన మాట వాస్తవం. మచిలీపట్నంలో పాగ్సన్ కూడా దానిని గుర్తించారు. అయితే అది సోడియం గీతకు అతి సమీపంలో ఉండటం వల్ల సోడియం గీతగానే చాలామంది తలచారు. అది సోడియం కాదని అక్టోబరులో తేల్చినవారు లాకియర్. అది భూమి మీద తెలియని కొత్త పదార్థమన్న ఊహ ఆ తరువాతది. ఆ పదార్థాన్ని భూమి మీద ఒక ఖనిజం నుంచి 1895లో వెలికితీసినవారు విలియం రామ్సే. జాన్సెన్ గుంటూరులో సాధించినది వేరు. గ్రహణం లేకుండానే సూర్యుని పరిసరాలను చూచే మార్గాన్ని ఆయన కనుగొన్నారు. తనది కాని కీర్తిని చేర్చకపోయినా ఆ ఘనత తక్కువైనది కాదు.

ముట్టడిలో నుంచి ఆకాశమార్గాన

గుంటూరు నుంచి జాన్సెన్ హిమాలయ ప్రాంతానికి వెళ్ళి, సిమ్లాలో పరిశీలనలు సాగించి, ఆ తరువాత స్వదేశం చేరారు. 1870 డిసెంబరు 22వ తేదీన ఉత్తర ఆఫ్రికాలోని ఓరాన్ నగరంలో మరొక సంపూర్ణ గ్రహణం కనిపించనుంది. కాని ఆ సమయానికి పారిస్ నగరాన్ని ప్రష్యా సైన్యాలు ముట్టడించాయి. నగరం నుంచి బయటపడే దారి లేదు. డిసెంబరు 2వ తేదీ తెల్లవారుజామున జాన్సెన్ తన పరికరాల పెట్టెలతో బెలూన్ ఎక్కి, శత్రుసేనల మీదుగా ఎగిరి, సముద్రతీరానికి చేరువలో క్షేమంగా దిగారు. అక్కడి నుంచి ఓరాన్ చేరారు. తీరా గ్రహణ సమయానికి ఆకాశం మేఘావృతమయింది.

ప్రాణాలకు తెగించి చేసిన ప్రయాణం మబ్బుల పాలయినందుకు మరొకరైతే కుంగిపోయేవారే. జాన్సెన్ సంవత్సరం తిరిగేసరికి మళ్ళీ దక్షిణ భారతదేశానికి వచ్చారు. 1871 డిసెంబరు 12వ తేదీన నీలగిరులలో ఉదకమండలానికి సమీపంలోని షోలూరు గ్రామంలో, నిర్మలమైన ఆకాశం కింద, గ్రహణాన్ని దర్శించారు. ఈసారి ఆయన దృష్టి గ్రహణ సమయంలో సూర్యుని చుట్టూ వెండివెలుగై కనిపించే కరోనా మీద నిలిచింది. ఆ వెలుగు కేవలం మన వాతావరణం కల్పించే భ్రమ అని కొందరు వాదిస్తున్న కాలమది. అందులోని గీతలను పరిశీలించి, అది సూర్యుని ఆవరించి నిజంగా ఉన్న పదార్థమేనని జాన్సెన్ నిర్ధారించారు.

1874 డిసెంబరు 9వ తేదీన శుక్రగ్రహం సూర్యబింబానికి అడ్డంగా నడిచింది. గ్రహం బింబపు అంచును తాకే క్షణాన్ని ఖచ్చితంగా నమోదు చేయడానికి జాన్సెన్ తిరుగుడు పలక గల ఒక ఛాయాచిత్ర యంత్రాన్ని రూపొందించి, జపాన్‌లోని నాగసాకికి తీసుకొని వెళ్ళారు. ఆ యంత్రం 72 సెకన్లలో 48 చిత్రాలను వరుసగా తీయగలదు. చలనచిత్రాలకు పూర్వరూపాలలో ఒకటిగా చరిత్రకారులు దానిని పేర్కొంటారు. 1895లో లూమియేర్ సోదరులు తీసిన తొలితరం చలనచిత్రాలలో వృద్ధుడైన జాన్సెన్ స్వయంగా కనిపించడం కాలం చూపిన కృతజ్ఞత అనవచ్చు.

మూడన్‌లో సూర్యుని చిత్రశాల

సూర్యుని తొలి ఛాయాచిత్రాన్ని 1845 ఏప్రిల్ 2వ తేదీన పారిస్‌లో ఫిజో, ఫూకో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు తీశారు. ఇంగ్లాండులో కాగితపు పరిశ్రమ నడుపుతూ, తీరిక సమయంలో ఖగోళశాస్త్రాన్ని సేవించిన వారెన్ డి లా ర్యూ అనే ఔత్సాహికుడు 1858 ప్రాంతం నుంచి సూర్యుని ఛాయాచిత్రాలను క్రమబద్ధంగా తీసే యంత్రాన్ని వాడుకలోకి తెచ్చారు. అయితే ఆ చిత్రాలలో మచ్చలు కనిపించేవి గాని, బింబపు ఉపరితలంలోని సూక్ష్మ వివరాలు కనిపించేవి కావు.

పారిస్ సమీపంలోని మూడన్‌లో, యుద్ధకాలంలో కాలిపోయిన రాజభవనపు శిథిలాల స్థానంలో, ఫ్రెంచి ప్రభుత్వం సూర్యపరిశోధన కొరకు ఒక వేధశాలను జాన్సెన్‌కు అప్పగించింది. 1876 నుంచి అక్కడ ఆయన సూర్యుని నిత్యం ఛాయాచిత్రాలు తీయసాగారు. అందుకు వాడిన ప్రధాన కటకం వ్యాసం 135 మిల్లీమీటర్లు మాత్రమే. అంతటి దూరదర్శినిని నేడు ఔత్సాహికులు ఇంటి మేడ మీద నిలుపుకొంటున్నారు. గొప్పతనం కటకం పరిమాణంలో లేదు. వెలుగును పొదుపుగా వాడిన తీరులో ఉంది.

ఆయన మూడు ఉపాయాలు చేశారు. మొదటిది, బింబాన్ని పరికరంలోనే పెంచి, పలక మీద 30 సెంటీమీటర్ల వ్యాసం గల సూర్యుడు పడేటట్లు అమర్చారు. వెలుగు పెద్ద వైశాల్యం మీద పరచుకొన్నందున తీవ్రత తగ్గింది; వివరాలకు చోటు దొరికింది. రెండవది, ఆనాటి తడి కొలోడియన్ పలక సూర్యకాంతిలో ఊదారంగు సమీపంలోని కొద్దిభాగానికే బాగా స్పందిస్తుంది. కటకాన్ని సరిగ్గా ఆ కాంతికే పదునుగా ఉండేటట్లు తయారు చేయించారు. అనగా పలకయే ఫిల్టరుగా పనిచేసింది. తక్కిన రంగులు వచ్చి పడినా చిత్రాన్ని మసకబార్చలేకపోయాయి. మూడవది, సన్నని చీలిక గల రేకును పలక ముందు నుంచి వేగంగా జరిపి, వెలుగు తగిలే కాలాన్ని సెకనులో సుమారు మూడువేలవ వంతు వరకు తగ్గించారు. గాలి చలనం వల్ల బింబం వణికేలోపలే చిత్రం ముగిసేది.

ఫలితం అద్భుతమయింది. సూర్యుని ఉపరితలం నున్నని వెండిపళ్ళెం వలె కాక, ఉడుకుతున్న అన్నపు మెతుకుల వలె అసంఖ్యాకమైన వెలుగు రేణువులతో నిండి కనిపించింది. ఒక్కొక్క రేణువు వెడల్పు సుమారు వేయి కిలోమీటర్లు. లోపలి వేడి పైకి పొంగి, చల్లబడి, మళ్ళీ కిందికి దిగే ప్రవాహాలే ఆ రేణువులని తరువాతి శాస్త్రజ్ఞులు వివరించారు. జాన్సెన్ పర్యవేక్షణలో 1903 వరకు ఆరువేలకు పైగా పలకలు తయారయ్యాయి. వాటిలో మేలైనవాటిని ఎంచి ఒక చిత్రసంపుటంగా వెలువరించారు.

ఆ పలకలలో కొన్నిచోట్ల రేణువులు స్పష్టంగాను, మరికొన్నిచోట్ల చెరిగిపోయినట్లుగాను ఉండేవి. ఈ తేడా సూర్యుని మీదనే ఉన్నదని జాన్సెన్ విశ్వసించి, దానికి కాంతిమండలపు జాలం అని పేరు పెట్టారు. ఆ మసకదనానికి ప్రధాన కారణం భూమి మీది గాలి కదలికలేనని అనంతర పరిశోధకులు నిర్ణయించారు. సూర్యుని రాతను, మన గాలి రాతను వేరు చేసి కీర్తి గడించిన మహాశాస్త్రజ్ఞుడే ఒకచోట ఆ రెండింటి మధ్య పొరబడ్డారు. అందువల్ల ఆయన గౌరవం తగ్గలేదు. ఆయన పలకలు భద్రంగా నిలిచినందుననే ఆయన పొరబాటును ఇతరులు సరిదిద్దగలిగారు. తన తప్పును తెలుసుకోవడానికి తగిన సాక్ష్యాన్ని తానే భద్రపరచి పోవడం నిజమైన పరిశోధకుని లక్షణం.

మంచుకొండ మీద వేధశాల

గాలి కలిగించే చిక్కులను తప్పించుకోవడానికి మరొక మార్గం, గాలి పలుచగా ఉండే ఎత్తుకు చేరడం. ఐరోపాలో ప్రసిద్ధి చెందిన మోంబ్లాన్ శిఖరాన్ని జాన్సెన్ ఎన్నుకొన్నారు. అరవై ఆరేళ్ళ వయస్సులో, కాలు సహకరించకపోయినా, కూలీలు మోసే కుర్చీ మీద, మంచుబండి మీద ఆయన ఆ కొండ ఎక్కారు. శిఖరం మీద పునాదికి రాయి దొరకలేదు. అయినా వెనుకాడక, గట్టిపడిన మంచు మీదనే 1893లో వేధశాల భవనాన్ని నిలిపారు. సూర్యకాంతిలో కనిపించే ఆక్సిజన్ గీతలు సూర్యునివి కావనీ, మన వాతావరణానివేననీ అక్కడి పరిశీలనలతో ధ్రువపరిచారు. ఆ భవనం కాలక్రమంలో మంచులో కుంగిపోయి అంతరించింది. అందులో తేలిన సత్యం మాత్రం అంతరించలేదు.

1883లో పసిఫిక్ మహాసముద్రంలోని కరోలిన్ దీవిలోను, 1905లో ఎనభై ఒకటవ ఏట స్పెయిన్ దేశంలోను ఆయన గ్రహణాలను దర్శించారు. ఈ సుదీర్ఘ యాత్రలలో ఆయనకు వెన్నుదన్నుగా నిలిచినవారు భార్య హాన్రియెట్. 1907 డిసెంబరు 23వ తేదీన మూడన్‌లో, ఎనభై మూడేళ్ళ వయస్సులో, జాన్సెన్ కన్నుమూశారు.

ఆయన తరువాత

గుంటూరులో తోచిన ఆలోచన ఆయనతో ముగిసిపోలేదు. ఒకే ఒక్క రంగులో సూర్యబింబమంతటినీ ఛాయాచిత్రం తీసే యంత్రాన్ని 1890 తరువాతి సంవత్సరాలలో అమెరికాలో జార్జ్ హేల్, ఫ్రాన్సులో దెలాంద్ర్ వేరువేరుగా నిర్మించారు. దెలాంద్ర్ జాన్సెన్ అనంతరం మూడన్ వేధశాలకు అధిపతి అయ్యారు. తమిళనాడులోని కొడైకెనాల్ వేధశాలలో 1904 నుంచి సూర్యుని ఛాయాచిత్రాలు క్రమం తప్పక తీస్తూ వచ్చారు. శతాబ్దానికి పైబడిన ఆ పలకల నిధి నేడు ప్రపంచ శాస్త్రజ్ఞులకు ఉపయోగపడుతున్నది. మూడన్‌లోనే పనిచేసిన బెర్నార్ లియో 1930లో గ్రహణం లేకుండానే కరోనాను చూచే పరికరాన్ని, 1933లో అతి సన్నని రంగుపట్టీని మాత్రమే వదిలే ఫిల్టరును రూపొందించారు. 2023 సెప్టెంబరు 2వ తేదీన శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య ఎల్1 నౌకలోని ఒక దూరదర్శిని, పదకొండు ఫిల్టర్ల ద్వారా సూర్యుని చిత్రాలు తీస్తున్నది. మరొక పరికరం కృత్రిమంగా గ్రహణాన్ని కల్పించి కరోనాను పరిశీలిస్తున్నది.

ఔత్సాహికుల చేతిలోని పరికరాలు కూడా ఆ వంశానికి చెందినవే. సాధారణ సూర్యఫిల్టరు, దూరదర్శిని ముందుభాగాన్ని పూర్తిగా కప్పి, వచ్చిన వెలుగులో లక్షవ వంతును మాత్రమే లోనికి పంపుతుంది. దాని ద్వారా మచ్చలు, తగినంత కటకం ఉంటే రేణువులు కూడా కనిపిస్తాయి. హైడ్రోజన్ ఫిల్టరు 656.3 నానోమీటర్ల ఎరుపు కాంతిలో నానోమీటరులో పదవ వంతు కంటె సన్నని భాగాన్ని మాత్రమే వదులుతుంది. దాని ద్వారా, గుంటూరులో జాన్సెన్ చీలికను జరిపి జరిపి చిత్రించిన శిఖలు ఒక్కసారిగా కనిపిస్తాయి. వందలకొలది చిత్రాలను వేగంగా తీసి, గాలి నిలకడగా ఉన్న క్షణాలవి ఏరి, ఒకటిగా కూర్చే నేటి పద్ధతిలో నాగసాకి యంత్రపు వేగమూ, మూడన్ పలకలు నేర్పిన గుణపాఠమూ రెండూ కలిసి ఉన్నాయి.

అయితే ఒక నియమాన్ని పెద్దలు పిల్లలకు మొదటే చెప్పాలి. ఫిల్టరు ఎప్పుడూ దూరదర్శిని ముందు, వెలుగు ప్రవేశించే చోటనే ఉండాలి. కన్ను పెట్టే చోట బిగించే చిన్న గాజు వేడికి పగిలిపోగలదు. ఒక్క క్షణంలో చూపు పోతుంది. మసి పూసిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము, చలువ కళ్ళద్దాలు సూర్యుని చూడటానికి పనికిరావు. ప్రతిసారీ వాడే ముందు ఫిల్టరుకు చిల్లులు గాని, గీతలు గాని పడలేదని పరీక్షించాలి. వేటకు ముందు ఉండే చిన్న దూరదర్శినికి, అంటే గురిచూచే గొట్టానికి కూడా మూత వేయాలి. ఉపాధ్యాయులు పక్కన ఉండి చూపించే పని ఇది.

బడికి పోలేని కుంటి బాలుడు, ముప్పై దాటాక పట్టా పుచ్చుకొన్న బ్యాంకు ఉద్యోగి, మబ్బులకు ఓడిపోయి మరుసటి ఏడే మళ్ళీ ఓడ ఎక్కిన యాత్రికుడు అయిన జాన్సెన్ సూర్యుని రూపాన్ని లోకానికి పంచి వెళ్ళారు. 1868 ఆగస్టు 18న గ్రహణం విడిచిన తరువాత తక్కినవారికి పని ముగిసింది. ఆయన మాత్రం మరునాటి ఉదయం కొరకు పరికరాన్ని సిద్ధం చేసుకొన్నారు. ఆ మరునాటి ఉదయపు శ్రద్ధ ప్రతి పాఠశాలలోని ప్రతి విద్యార్థికీ అలవడదగిన సద్గుణం.